జోడీలో లేని మనిషి

తన బతుకును తాను రాసుకునేవాడికి మరొకరి సాయం అక్షరదోషాల వరకే అవసరమని చాలామంది అనుకుంటారు. బతికినవాడికి తెలియనిది చదివేవాడికి ఏం తెలుస్తుందన్నది వారి వాదం. తెలకపల్లి అనే ఊళ్లో ఉండే పెంటయ్య కూడా అలాగే అనుకున్నాడు. పాతికేళ్లు గుంపు మేస్త్రీగా ఊరి కూలీలను లారీల్లో ఎక్కించుకుని పరాయి రాష్ట్రాల కాలువ పనులకు తీసుకుపోయిన మనిషి ఆయన. అరవై ఎనిమిదో ఏట ఆ వలసల కథను ఐదు నోటుబుక్కుల్లో రాసి, వనపర్తిలో ఇంటి దగ్గరే పుస్తకాలకు ఎడిటింగు చేసే సుమన చేతిలో పెట్టాడు.

"తప్పులుంటే దిద్దు బిడ్డా. సంగతులు మాత్రం ముట్టకు. అవి నావి."

నెల తర్వాత ఆమె పంపిన కాగితాల్లో దిద్దుబాట్లు ఆయన భయపడినన్ని లేవు. మూడో అధ్యాయం అంచున మాత్రం పెన్సిలుతో ఒక ప్రశ్న ఉంది: "సత్యమ్మ ఏమైంది?"

సత్యమ్మ గుంపుకు వంట చేసేది. మూడో అధ్యాయంలో రెండు పేజీల నిండా ఆమె జొన్నరొట్టెలు, ఆమె నోటి దురుసు. నాలుగో అధ్యాయంలో గుంపు తిరిగి ఊరికి వస్తుంది. అందులో ఆమె లేదు. రాసిన మనిషికి ఆ ఖాళీ కనిపించలేదు. లేదా అది కనిపించకుండా బతకడం అలవాటైంది. ఈ రెంటి మధ్య తేడాను మనిషి తనకు తాను ఒప్పుకోవడం అరుదు.

ఆ ప్రశ్న చదివినప్పటి నుంచి పెంటయ్య ఒకచోట కూర్చోలేకపోయాడు. చౌరస్తాకు పోయి చాయ్ చెప్పి, తాగకుండానే లేచి వచ్చేవాడు. కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, మళ్లీ తీసేవాడు.

"పుస్తకం రాస్తున్నవా, పురుగు తొలుస్తుందా?" అన్నది భార్య జములమ్మ. "అన్నం సుత తింటలేవు. ఆ పిల్ల గంత గట్టిగ తిట్టిందా?"

"తిట్టలే. అడిగింది."

"అడిగితే చెప్పరాదు? నలభై మందిని అదిలిచ్చినోనివి!"

ఆయన సుమనకు ఫోన్ చేశాడు. "సత్యమ్మను తీసెయ్యి బిడ్డా. ఆమె ముచ్చటే వద్దు."

సుమన మూడో అధ్యాయం తెరిచింది. "తీసెయ్యొచ్చు పెద్దయ్యా. చదివేటోళ్లకు తెల్వదు. కానీ మిగిలినోళ్లంత మీరు చెప్పినట్టు వింటుండ్రు. ఆమె ఒక్కతే మీకు ఎదురు మాట్లాడింది. అందుకే ఆమె ఒక్కతే మనిషి లెక్క కనపడుతున్నది. ఇగ మీ ఇష్టం, పుస్తకం మీది."

ఆ చివరి మాట ఆయనను ఇంట్లో నిలవనీయలేదు. మూడో రోజు నాగర్‌కర్నూల్‌లో బస్సు మారి వనపర్తి చేరి, సుమన ఇంటి వరండాలో కూర్చుని చెప్పాడు.

గుంపులో మనుషులను జోడీలుగా లెక్కపెట్టేవారు. మొగుడూ పెళ్లాం ఒక జోడీ. ఒకరు తవ్వితే ఒకరు మోస్తారు. పని కొలిచేదీ, గుడిసె ఇచ్చేదీ, లారీ ఎక్కేటప్పుడు పిలిచేదీ జోడీ పేరుతోనే. విధవరాలైన సత్యమ్మకు జోడీ లేదు. తిరుగు ప్రయాణం నాడు పెంటయ్య ఇరవై జోడీలను పిలిచాడు, ఇరవై పలికాయి. రెండు లారీలు కదిలాయి. ఈ లారీవాళ్లు ఆమె ఆ లారీలో ఉందనుకున్నారు, ఆ లారీవాళ్లు ఇందులో ఉందనుకున్నారు. ఆమె జ్వరంతో వంట గుడిసెలో పడి ఉంది. ఊళ్లో దిగాక తెలిసి పెంటయ్య వెనక్కి పరుగెత్తాడు. ఆయన చేరేసరికి, దవాఖానలో చనిపోయిన ఆమెను అక్కడివాళ్లే తీసుకుపోయి పాతిపెట్టారు. మూడు రోజులు ఆ గుడిసెలో ఒక్కతే పడి ఉందని, తర్వాతే ఎవరో చూసి దవాఖానలో చేర్చారని అక్కడి కాపలాదారు చెప్పాడు.

"ఆమె బిడ్డ గీతకు అప్పుడు పదేండ్లు. ఏం చెప్పాలె? మీ అమ్మ నా చేతులల్లనే పోయింది, నేనే మట్టిచ్చిన అన్న. ఆ పిల్ల ఇప్పటికీ, పోయినోళ్లకు బువ్వ పెట్టే పెత్తరమాసకు తల్లి పేరు మీద వండిన బువ్వ ముందుగాల నాకు పంపుతది. ముప్పై ఏండ్ల సంది తింటున్న బిడ్డా."

సుమన ఓదార్చలేదు. "ఇది గీతమ్మ పుస్తకంల చదివి తెలుసుకునే ముచ్చట కాదు పెద్దయ్యా. ముందుగాల ఆమెకు చెప్పుండ్రి."

మరునాడు తెలకపల్లిలో గీత కుట్టు మిషను ముందు ఉంది. "ఏంది మామా, గింత ఎండల! కూసో."

ఆయన కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. మిషను ఎప్పుడో ఆగిపోయింది.

"నీళ్లుండెనా ఆమె దగ్గర?"

"తెల్వదు బిడ్డా."

గీత చేతిలోని గుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. "గిది పుస్తకంల రాసినవా?"

"రాయలే. నువ్వు వద్దంటే రాయ."

"మా అమ్మను ఇడిసొచ్చింది నువ్వు. ఇప్పుడు రాయాల్నా వద్దా అన్నది నా నెత్తిన పెడుతున్నవా? గది నీ పని మామా. పో, నాకు కుట్టేటియి ఉన్నయి."

ఆమె క్షమిస్తే ఆయన రాయకపోయేవాడేమో. నిషేధించినా రాయకపోయేవాడే. ఆ రెండు దారులనూ ఆమె మూసేసింది.

పెంటయ్య పేజీన్నర రాశాడు. లారీల దగ్గర పిలుపును, గుడిసెను, మూడు రోజులను, మట్టిచ్చానని పదేళ్ల పిల్లకు చెప్పిన అబద్ధాన్ని తన పేరుతో రాసి, నాలుగో అధ్యాయం మొదట పెట్టించాడు. ఏటా బువ్వ పంపి గీత చూపిన మర్యాద తనకు చెందనిదని కూడా రాశాడు. సుమన అందులో రెండు వాక్యాల వరస మార్చింది, బాగుందని అనలేదు. పుస్తకం ఆ పేజీన్నరతోనే అచ్చుకు పోయింది.