బ కింద క ఒత్తు

రిబ్కా టీచరు కోపం వస్తే గొంతు పెంచదు, సుద్దముక్క తీస్తుంది. తిరువూరులో ఆవిడ చదువు చెప్పే ప్రైవేటు బడిలో పదో తరగతి పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. తెలియంది పెద్దవాళ్ళకే.

ఆవిడది గంపలగూడెం పక్క ఊరు. అమ్మ లిడియా పత్తి తీతకు వెళ్ళి కూతుర్ని తెలుగు పండిట్ ట్రైనింగ్ దాకా చదివించింది. బైబిల్లోంచి ఏరికోరి ఆ పేరు పెట్టిందీ ఆవిడే. ఆ పేరును సరిగ్గా రాసిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. రేషన్ కార్డులో రిబక, హాల్ టికెట్టులో రిబక, చివరికి బడి టైమ్‌టేబుల్లోనూ రిబక. బ కింద క ఒత్తు పెట్టడానికి వాళ్ళకేం బద్ధకమో! అడిగితే "అంత చిన్నదానికి ఏంటమ్మా" అనేవాళ్ళు. చిన్నది కాదని రిబ్కాకి తెలుసు. ఎందుకు కాదో ఛందస్సు చదివాక ఇంకా బాగా తెలిసింది.

ఆవిడ పాఠాలు పుస్తకంలో మొదలవ్వవు. అతిశయోక్తి అంటే ఏంటో చెప్పాలంటే షేర్ ఆటో వాళ్ళను తెచ్చుకుంటుంది: "ఐదు నిమిషాల్లో నెమలి ఊళ్ళో దించేస్తానండి." ఛందస్సుకైతే పిల్లల పేర్లే చాలు. పొట్టిగా పలికే అక్షరం లఘువు, దాని మీద నిలువు గీత. నిడివిగా, ఊది పలికేది గురువు, దాని మీద గిన్నెలాంటి గుర్తు. ఆ గుర్తుల వరసే గణం. పూజిత అనే పిల్ల తన పేరు భగణమని తేలగానే ఇంటికెళ్ళి, అన్నం తింటున్న తాతయ్య పేరుకీ గుర్తులు పెట్టేసింది.

ఆ తాతయ్య వెంకటప్పయ్య. రెడ్డిగూడెం దగ్గర మామిడి తోటలున్నాయి, బడి యాజమాన్యంలో ఆయనా ఒకడు. పద్యాలు చెప్పకుండా ఇంటిపెద్దల పేర్లతో ఆటలేంటని మర్నాడే హెడ్మిస్ట్రెస్ సరోజినీదేవి దగ్గర కూర్చున్నాడు. సోమవారం నుంచి ఛందస్సు, అలంకారాలు రిటైరైన పంతులుగారొకరు చెబుతారట. రిబ్కా గద్యపాఠాలు, చూచిరాత చూసుకుంటే చాలట.

రిబ్కాకి ఒళ్ళు మండింది. పదేళ్ళుగా ప్రాణం పెట్టి చెబుతున్నది ఆ పాఠమే. "ఒక్క పీరియడు విని అప్పుడు తీసేయండి మేడమ్. వినకుండా తీసేస్తే ఊరుకోను," అంది.

శుక్రవారం సరోజినీదేవి, వెంకటప్పయ్య ఇద్దరూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పాఠం సగంలో ఉండగా వెంకటప్పయ్య అడ్డు తగిలాడు.

"పిల్లలవి తెలుగు పేర్లు గనక గణాలు కుదిరినయ్. మీ పేరు తెలుగు కాదుగా రిబక గారూ, దానికేం వస్తది?"

పూజిత తల వంచుకుంది. సరోజినీదేవి కిటికీలోంచి బయటికి చూసింది. రిబ్కా సుద్దముక్క తీసింది.

బోర్డు మీద 'రిబక' అని రాసింది. "మీరు పిలిచింది ఇదండి. పూజితా, గుర్తులు పెట్టు."

పూజిత మూడు నిలువు గీతలు గీసింది. "మూడూ లఘువులే టీచర్. నగణం."

"మూడూ తేలికవే. తేలిగ్గా తీసి పక్కన పెట్టేయొచ్చు." దాని కింద 'రిబ్కా' అని, ఒత్తు కాస్త పెద్దదిగా రాసింది. "ఇది మా అమ్మ పెట్టిన పేరు. ఇప్పుడు పెట్టు."

పూజిత బ్కా మీద గురువు పెట్టింది. రి మీద నిలువు గీత గీయబోయి ఆగి, దాని మీదా గురువే పెట్టింది.

"పొట్టి అక్షరమేగా, గురువెట్టా అయిద్ది?" అన్నాడు వెంకటప్పయ్య.

"తర్వాత ఒత్తక్షరం ఉంటే ఆ ఊనిక దీని మీద పడుద్ది తాతయ్యా. నీ పేర్లో ట కూడా అంతే."

"రెండూ గురువులేనండి," అంది రిబ్కా. "మీ పేరుకి ఏ సూత్రమో నా పేరుకీ అదే. సోమవారం పాఠం కూడా నేనే చెబుతాను."

ఆయన లేచాడు. "సరే, అది చెరిపేసి పాఠంలోకి రండి."

"ఇదే పాఠమండి," అంది. ఆ రోజంతా డస్టరు ముట్టుకోలేదు.

సోమవారం పంతులుగారు రాలేదు. గోడమీద పాత టైమ్‌టేబుల్లో ఛందస్సు పీరియడుకి ఎదురుగా పాత పేరే ఉంది. రిబ్కా ఎర్ర పెన్ను తీసి, చివరి క కొట్టేసి, బకి దీర్ఘమిచ్చి, దాని కింద క ఒత్తు పెట్టి క్లాసుకి వెళ్ళింది.