కృష్ణల పోయిన కమ్మ, కాయిల్‌కు కట్టిన తొడుగు

పోయిన ఆదివారం నేను కృష్ణానదిని సగం తవ్విపెట్టిన. హుజూర్‌నగర్ దిక్కు పోయేటోళ్లు ఎవరన్న ఒడ్డుకు గుంతలు చూసి ఇసుక లారీలోళ్లను తిట్టకుండ్రి. పాపం, వాళ్లకేం తెల్వదు. అది నా పనే. ఎట్లయిందో చెప్త, జర చాయ్ పొయ్యుండ్రి.

మా ఆడబిడ్డ యాదమ్మకు ఎర్రరాళ్ల కమ్మలున్నయ్. ఒక్కొక్కటి జామకాయంత. ఒక పెండ్లికని అడిగి పెట్టుకున్న. పెండ్లయి నెల దాటింది. వాపసిద్దామనే ఉండె గని చెవులు ఒప్పుకోలే. యాదమ్మ అడిగినప్పుడల్ల "బీరువల భద్రంగున్నయ్, ఫికర్ పడకు" అనుడు, అనుకుంట కొంగు చెవుల మీదికి గుంజుకునుడు. గట్ల నడుస్తాంది.

ఆదివారం కిరాయి బండి మాట్లాడుకొని చుట్టాలందరం కృష్ణల తానాలకు పోయినం. బండిల యాదమ్మ నా పక్కనే కూసున్నది. "వదినె, రేపు పొద్దుగాల నీ ఇంటికొస్త. కమ్మలు తీసిపెట్టు" అన్నది. "రా, చాయ్ తాగి తీస్కపో" అన్న. ఆమె నోరు మీకు తెల్వదు. నార్కట్‌పల్లిల తిట్లు మొదలువెడితే నల్లగొండల కోళ్లు లేస్తయ్.

నదిల మూడు మునకలు మునిగిన. లేచి తడుముకుంటే కుడిచెవికి కమ్మ లేదు.

అరవలే. ఏడవలే. కొంగు కప్పుకొని మా తమ్ముడు ఎల్లయ్య దగ్గరికి పోయిన. రిటైరైనంక అందరు మనవరాండ్లను ఎత్తుకుంటరు. మావోడు మెటల్ డిటెక్టర్ కొనుక్కున్నడు. పొడుగు కట్టె, పైన చిన్న డబ్బ, కింద పళ్లెమంత గుండ్రటి సామాను. ఆ పళ్లేన్ని కాయిల్ అంటరు. నేల మీద ఊపుకుంట పోతే, లోపల ఇనుమో బంగారమో ఉన్నకాడ 'కుయ్' మంటది. ఇప్పటిదాంక దాంతోని రెండు సీసా మూతలు, ఒక గుర్రపు నాడ కనిపెట్టిండు. అయినా యాడికి పోయినా బండిల వేసుకొనే వస్తడు.

చెవిల చెప్పిన. వాడు కమ్మ సంగతి ఒక్క ముక్క అడుగలే.

"అక్కా, కాయిల్ తొడుగు ఇంటికాడ మర్చిపోయొచ్చిన" అన్నడు, ఇంట్ల ఎవరో పోయినట్టు మొకం పెట్టి.

"లేకుంటే ఏమైతది?"

"ఇసుక గీరుతదే! గీరి గీరి పెంకు పల్సగైతది. ఒకనాడు పగుల్తది. నీళ్లు లోపలికి పోతయ్. ఇగ మిషను ఖతం. కాయిల్ నీళ్లల్ల మునగొచ్చు గని, రాయికి తాకొద్దు, ఇసుకల రుద్దొద్దు. పైన డబ్బయితే తడవనే వద్దు."

మా మరదలు, అంటే వాని పెండ్లాం, ఆ ఎండల చెప్పుల్లేకుండ ఇసుకల నడుస్తాంది. ఆమె కాళ్ల గురించి ఒక్క మాట అనలే.

"నువ్వు పోయి బ్యాటరీలు పట్టుకరా తమ్మీ. తొడుగు నేను కడత" అన్న.

నా సంచి మూతికి పాత పట్టుచీర అంచు ఒకటి తాడు లెక్క కట్టుకుంట. మా బాపు మగ్గం మీద సొంతంగ నేసిన చీర. చీర పేలికలైంది గని, ఆ అంచుతోని ఎద్దును కట్టేసినా తెగది. దాన్ని విప్పి, పసిపిల్లకు గుడ్డ చుట్టినట్టు కాయిల్‌కు నాలుగు చుట్లు చుట్టిన. లోపలికి ఇసుక పోకుండ పైనుంచి కూరగాయల కవరు తొడిగి, రబ్బరు బిగించిన. వాడొచ్చి అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"శెబ్బాష్ అక్కా! కంపెనీ తొడుగు గూడ గింత గట్టిగుండది."

మోకాటి లోతు నీళ్లల్ల దిగి ఒక్క ఊపు ఊపిండు. కుయ్!

నా పానం లేచొచ్చింది. ఇద్దరం వంగి చేతులతోని తోడినం. ఏం లేదు. జరంత జరిగి ఊపిండు. కుయ్! తోడినం. ఏం లేదు. ఒడ్డుకొచ్చి ఇసుకల ఊపిండు. కుయ్! కుయ్! కుయ్! ఆపితే సప్పుడు లేదు, ఊపితే కుయ్. మూరెడు లోతు, బారెడు లోతు, ఆఖరుకు నేను గుంతల నిలవడితే కొప్పు మాత్రమే కనవడుతాంది.

"అక్కా, నది మొత్తం కింద ఏదో ఉన్నట్టున్నదే" అన్నడు తమ్ముడు, చెమట తుడుచుకుంట.

"ఉండదా మరి! ఎంతమంది రాణులు తానాలు చేసిపోయిండ్రో" అన్న.

ఆ సప్పుడుకు జనం జమైండ్రు. వెయ్యి మంది. తమ్ముడు పదకొండు మంది అంటడు, వానికి లెక్కలు రావు. ముందట యాదమ్మనే ఉన్నది, బియ్యం కడిగే జల్లిగిన్నె చేతిల పట్టుకొని.

"ఏం దొరుకుతాంది వదినె?"

కమ్మ అని చెప్పేటట్టు లేదు. నోట్లెకెంచి వచ్చిందే అన్న. "నిధి."

ఇగ చూడుండ్రి! పొయ్యిల మీద వంట ఆగింది. గంటెలు, తట్టలు, సద్దిగిన్నె మూతలు, ఏది దొరికితే దాంతోని తవ్వుడే. యాదమ్మ నేను మునిగిన కాడ్నే కూసోని జల్లిగిన్నెతోని ఇసుక జల్లెడ పడుతాంది. ఆమెను లెవ్వుమని ఎట్లంట? ఏ ముచ్చట చెప్పి లేపుత?

గంటసేపైనంక తమ్ముడు కవరు లోపలికి నీళ్లు పోయినయేమోనని విప్పి చూసిండు.

"అక్కా, గిదేంది?"

"అంచు."

"అంచుల మెరిసేదేంది?"

"జరీ. ఉత్తది కాదు, అసలు వెండి తీగె. బాపు వేరేది ముట్టకపోతుండె" అన్న గొప్పగ.

అన్నంక నాకే వినవడ్డది, ఏమన్ననో.

మిషను ఊపినప్పుడల్ల తడిసిన అంచు లోపల అటిటు జరుగుతాంది. జరిగినప్పుడల్ల మిషను ఆ వెండిని చూసి కుయ్ మంటాంది. మగ్గం ఇంట్ల పుట్టి పెరిగిన ఇద్దరం, నది పొడుగూత గంటసేపు మా బాపు చీరనే వెతికినం.

"అంచు విప్పి నీ తువ్వాల చుట్టు తమ్మీ" అంటనే ఉన్న, నీళ్లల్లకెంచి కేక.

"దొరికింది! వదినె, నాకు దొరికింది!"

యాదమ్మ చేతిల జల్లిగిన్నె. జల్లిగిన్నెల ఎర్రరాళ్ల కమ్మ.

"చూడు వదినె, అచ్చం నా కమ్మల లెక్కనే ఉన్నది! నాకు రెండున్నయని ఎరుకై, కృష్ణమ్మ మూడోదిచ్చింది." కండ్లకద్దుకున్నది. అందరికి చూపించింది. పదకొండు మంది, సరే, వెయ్యి మంది మొక్కిండ్రు.

ఇగ నాతోని కాలే. కొంగు తీసేసిన. "యాదమ్మా, అది నీదే. బీరువల లేవు. పెండ్లినాటి సంది నా చెవులకే ఉన్నయ్. గిదొకటి ఇయ్యాల నీళ్లల్ల జారింది. గిదో, రెండోది ఎడమచెవికి ఉన్నది, చూడు."

ఆమె నా ఎడమచెవి చూసింది. ఖాళీ కుడిచెవి చూసింది. చేతిలున్న కమ్మను పిడికిట్ల పెట్టుకున్నది.

"అంటే నా కమ్మ ఒకటి పారేసుకున్నవ్."

"పారేసుకున్న. నీకే దొరికింది."

"నాకు దొరికింది నాది. కృష్ణమ్మ ఇచ్చింది. నువ్వు పారేసింది నువ్వు తెచ్చియ్యాలె. నాకు మంచి జరిగితే నీ కండ్లు మండుతయ్ వదినె, అందుకే గీ కత."

"అక్క చెప్పేది నిజమే" అన్నడు తమ్ముడు.

"నీ అక్క దిక్కు నువ్వు మాట్లాడకుంటే ఎవరు మాట్లాడుతరు?" అన్నది.

ఎడమచెవిది అక్కడ్నే ఇప్పించుకున్నది. రెండోదానికి పదిహేను దినాలు గడువిచ్చింది. ఇప్పుడు నేను ఒక కమ్మ వెతకాలె, అది దొరికి యాదమ్మ బీరువల ఉన్నది.

ఆమె తప్పని నేననను. ఇన్నేండ్ల సంది నా ముచ్చట్లన్ని ఇంటున్న మనిషి, అన్ని నమ్మింది, ఆ ఒక్కటే నమ్మలే. నిజం చెప్పేటప్పుడు నా మొకం ఎట్లుంటదో ఆమెకెట్ల తెలుస్తది? నాకే తెల్వదు.