రోజుకొక తప్పు

“మాన్పించడం నీ వల్ల కాకపోతే చెప్పన్నయ్యా, నేనే మాన్పిస్తాను. ఇంకా ఎన్నాళ్ళు ఊరుకుంటాం?”

గొంతు తగ్గించే మాట్లాడుతున్నాననుకుంటోంది అత్త. కానీ ఆవిడ ఆసుపత్రిలో పెద్ద నర్సు. తగ్గించిన గొంతు కూడా వార్డు చివరి మంచం దాకా వెళ్తుంది. వంటగది బయట వాష్‌బేసిన్ దగ్గర పళ్ళు తోముకుంటున్న ఆ ఇంటి మనవడు నోటినిండా నురగతో అలాగే ఆగిపోయాడు. ఆ ఇంట్లో ఎవరైనా గుసగుసగా పోట్లాడుకుంటున్నారంటే అది తన గురించేనని అతని అనుభవం. అప్పటికి మిట్టమధ్యాహ్నం దాటింది. పళ్ళు తోముకునే వేళని బట్టే ఆ అనుభవం ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు.

మాన్పించడానికి తన దగ్గర ఇంకేం మిగిలిందా అని ఆలోచించాడు. కాలేజీ తనంతట తనే మానేశాడు. కంప్యూటర్ కోర్సూ అంతే. ఫోన్లు బాగుచేసే షాపులో చేరి, విప్పడం నేర్చుకున్నాక, బిగించడం నేర్పేలోపే వచ్చేశాడు. ‘అర్ధాంతరం’ అని అత్త పెట్టిన ముద్దుపేరు ఊరికే రాలేదు.

“అమ్మతో ఎలా చెప్తామే? పిల్లలంటే ప్రాణం కదా ఆవిడకి,” అంటున్నాడు నాన్న.

అప్పుడు తెలిసింది గొడవ నాయనమ్మ గురించని. నిజం చెప్పాలంటే అతనికి కాస్త చిన్నతనంగా అనిపించింది. ఇంటి గుసగుసల్లో ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న స్థానం అది, చెప్పాపెట్టకుండా ఇంకొకరికి ఇచ్చేశారు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. కానీ ఆ వీధిలో బస్సు డ్రైవర్ని కదిపినా, మందుల షాపాయన్ని కదిపినా ఆవిడ తప్పుల గురించే ముందు చెప్తారు. తాతయ్య ఇద్దరు పసిపిల్లల్ని ఆవిడ ఒళ్ళో వదిలి పోయిన ఏడాదే మూడో తరగతి టీచరుగా చేరింది. వయసైపోయిందని బడి ఆవిణ్ణి వదిలేసింది గానీ ఆవిడ బడిని వదల్లేదు. ముందుగదిలో గోడకి నల్లబల్ల కొట్టించి, చాపలు పరిచి, సాయంత్రాలు వీధి పిల్లల్ని కూర్చోబెట్టింది. బల్ల మీద రోజూ కావాలని ఒక తప్పు రాసేది. ఏ లెక్కలోనో, ఏ మాటలోనో. పట్టుకున్న పిల్ల చెయ్యెత్తాలి, లేచొచ్చి చెరపాలి, సరిచేసి రాయాలి. టీచరు రాసిందల్లా నమ్మేవాడు రేపు ఎవడేం చెప్పినా నమ్ముతాడని ఆవిడ వాదన.

మరి దేవుణ్ణి మాత్రం గుడ్డిగా నమ్ముతావేమని మనవడు ఒకసారి తెలివిగా అడిగాడు.

“గుడ్డిగా ఎవరు నమ్మారురా? రోజూ నిలదీస్తూనే ఉన్నానుగా,” అంది.

ఆ మాట అబద్ధం కాదు. తెల్లవారుజామున కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు జోడించి, హోంవర్కు తేని పిల్లవాణ్ణి అడిగినట్టే అడిగేది దేవుణ్ణి. నిన్న చెప్పిన పని ఏం చేశావు, ఆ రిక్షా ఆయన దగ్గు ఇంకా తగ్గలేదేం అని. తర్వాత ఇంట్లోవాళ్ళ పేర్లూ, వీధివాళ్ళ పేర్లూ ఒక్కొక్కటే అప్పజెప్పేది. మనవడి పేరు దగ్గర కొంచెం ఆగి, “వాడి సంగతి నీకు తెలిసిందేగా,” అనేసి ముందుకెళ్ళేది. పక్కగదిలో ముసుగుతన్ని పడుకున్న మనవడికి, అవతల దేవుడు కూడా నిట్టూర్చి ఉంటాడనే అనుమానం ఉండేది.

ఆ గుసగుసల నాటికి కొన్నాళ్ళుగా మిగతా పేర్ల దగ్గర కూడా ఆగుతోంది. “ఆ కుట్టుపని అమ్మాయి... పేరు నీకు తెలుసులే,” అంటోంది. బల్ల మీద తప్పులూ పెరిగాయి. పిల్లలకి పండగే, టీచరు ఈమధ్య భలే ఆడుతోందని పోటీపడి చేతులెత్తుతున్నారు. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి అదే గదిలో మూల కూర్చునే మనవడికి అది ఆట కాదని తెలుసు. తెలిసి ఏం చేశాడయ్యా అంటే, ఛార్జింగ్ పెట్టుకున్నాడు.

నిన్న ఏడెనిమిదులు యాభై నాలుగని రాసింది. ఎవరూ చెయ్యెత్తలేదు. గళ్ళగౌను పిల్ల దాన్ని అలాగే పుస్తకంలోకి ఎక్కించుకుని పోయింది. పొద్దున వాళ్ళమ్మ, ఆ కుట్టుపని అమ్మాయే, మొహమాటపడుతూ అత్తని అడిగింది. మూల కూర్చున్న మహానుభావుడికి కూడా నిన్న ఆ లెక్క సరిగ్గానే కనిపించిందన్నది వేరే సంగతి.

పాము చావకుండా కర్ర విరగకుండా పని నడపడం నాన్నకి వెన్నతో పెట్టిన విద్య. గోడలకి రంగులు వేయిస్తున్నామని వీధిలో చెప్పిద్దాం, నెమ్మదిగా పిల్లలే అలవాటు తప్పిపోతారు అన్నాడు. ఎవరు చెప్తారంది అత్త. ఇంటింటికీ తిరగడానికి ఖాళీగా ఉన్నవాడు ఇంట్లో ఒక్కడే. పిలిచి అప్పజెప్పారు. సరేనన్నాడు. ఇంట్లోవాళ్ళు నమ్మి ఒక పని చెప్పడం అదే మొదలాయె.

కానీ వాకిలి చేరాలంటే ముందుగది దాటాలి. నాయనమ్మ తడిగుడ్డతో నల్లబల్ల తుడుస్తోంది. మనవడి నోట్లో నువ్వుగింజ నానదన్న సంగతి పని అప్పజెప్పినవాళ్ళు మర్చిపోయారు.

“నాయనమ్మా, రేపట్నుంచి పిల్లలు రారు. గోడలకి రంగులని అబద్ధం చెప్పి మాన్పించమన్నారు నాన్నా అత్తా. చెప్పడానికి నేనే వెళ్తున్నా.”

ఆవిడ గుడ్డ పిండి బకెట్ అంచున వేసింది. “ఏం రంగట?” అంది.

రంగు పేరు అతనికి ఎవరూ చెప్పి పంపలేదు.

“నిన్న బల్ల మీద ఎన్ని తప్పులు రాశాను?”

“నాలుగు.”

“నేను కావాలని పెట్టింది ఒకటే.” కాసేపు ఖాళీ బల్ల వైపు చూసింది. “పిల్లలు అన్నీ పట్టుకున్నారా?”

“మూడే. నాలుగోది గళ్ళగౌను పిల్ల రాసుకుని పోయింది. వాళ్ళమ్మ వచ్చి అడిగింది.”

ఇంకొకడైతే ఆ చివరి మాట మింగేసి ఉండేవాడు. నాయనమ్మ మొహం వాడిపోయింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

“తప్పు ఇల్లు చేరిందన్నమాట,” అంది మెల్లగా. “రోజూ ఆ దేవుణ్ణి అడుగుతున్నాను, మానాలా, ఉండాలా అని. ఉలకడు పలకడు. మీ నాన్నలాగే మహా మర్యాదస్థుడు.”

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అటువైపు ఎవరో వింటున్నారు. మనవడు చెప్పులు విప్పేసి చాప మీద కూలబడ్డాడు. అప్పజెప్పిన పని ఇలా గుమ్మం కూడా దాటకుండా మానేయడం అతనికే కొత్త రికార్డు.

“సాయంత్రం నువ్వు ఆ మూలనుంచి లేచి పిల్లల వెనక కూర్చో,” అంది నాయనమ్మ. “వాళ్ళకి దొరకని తప్పుంటే, వాళ్ళు గడప దాటేలోపు నువ్వు చెయ్యెత్తు.”

“నాకు ఎనిమిదో ఎక్కం సగం దాకే వచ్చు నాయనమ్మా.”

“తెలుసు, నేర్పింది నేనేగా. మిగతా సగం ఇవాళ చూసుకో.” కళ్ళద్దాలు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. “ఇంకొకటి. నేనిక నిజంగా మానాల్సిన రోజొస్తే, గోడలూ రంగులూ అనకుండా నా మొహం మీద చెప్పాలి. వాళ్ళిద్దరి వల్లా కాదు, వాళ్ళకి నేనంటే ప్రేమ.”

“నాకు లేదా ఏంటి?”

“ఉంది. మర్యాదే లేదు. పైగా మానెయ్యడంలో నీకున్నంత అనుభవం ఈ ఇంట్లో ఎవరికుందిరా?” నవ్వలేదు ఆవిడ. అతని భుజం మీద చెయ్యి వేసింది, తడి ఇంకా ఆరలేదు. “ఆ రోజు తప్పకుండా చెప్పు. పిల్లలు వెళ్ళాక చెప్పు.”