కింది వాటాలో ప్రింటరు, పై వాటాలో లైటు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక నడుం వాల్చబోతుంటే మా తోడికోడలి కూతురు ఫోను చేసింది. ఆ పిల్ల లాయరు, ఈ మధ్యే సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంది, రోజూ దస్తాలకు దస్తాలు పిటిషన్లు కాగితం మీదికి ఎక్కించాల్సి వస్తోందట, ప్రతిసారీ జిరాక్సు షాపు ముందు నిలబడలేక ఇంట్లోకే ఒక ప్రింటరు కొనుక్కుందామని ఉందట. "పెద్దమ్మా, ఏది దీస్కుంటే ఖర్చు తక్కువ పడ్తది? అమ్మనడిగితే పెద్దమ్మనడుగు, ప్రింటర్ల సంగతి ఆమెకు తెలిసినంత ఎవ్వరికీ తెల్వదన్నది," అంది. నిద్ర ఎగిరిపోయింది నాకు. నాకు తెలిసినంతా! ఇరవై ఏళ్ళ పైచిలుకు కడుపులో దాచుకుని, ఇప్పుడు కూతురి నోటితో అంటించిందా ఆ చురక? లేకపోతే నిజంగానే మెచ్చుకుందా? మా తోడికోడలితో వచ్చిన చిక్కే అది. ఆవిడ మాటలో మంచి ఎంతో, వాత ఎంతో ఇన్నేళ్ళ కాపురంలోనూ నాకు అంతుపట్టలేదు. సాయంత్రం ఆలోచించి చెప్తానని ఫోను పెట్టేశాను గానీ, ఆలోచించడానికి ఏముంది, అంతా కళ్ళముందే ఉంది.

అప్పట్లో మేము రాంగోపాల్‌పేటలో మా మామగారు కట్టించిన పాత ఇంట్లో ఉండేవాళ్ళం. పై వాటాలో నేను, మా వారు, మా అత్తగారు. కింది వాటాలో మా మరిదీ తోడికోడలూ. మాది విజయనగరం వైపు, ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. మా మరిది మాత్రం ఇక్కడి పిల్లనే చేసుకున్నాడు. మోండా మార్కెట్ పక్క సందులో వాళ్ళ నాన్నగారికి కాగితాల దుకాణం ఉండేది. ఆ పిల్ల చదువు ఇంటరు. నాది బి.ఏ., పైగా టైపు హయ్యరు ఫస్టు క్లాసు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ రోజుల్లో నేను ఇది చెప్పని రోజు లేదు కనుక. ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పేదాన్ని. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఊరికే కూర్చుందని జాలిపడి తీసుకెళ్ళి టైపు నేర్పింది కూడా నేనే. ఏ వేలు ఏ అక్షరం మీద పెట్టాలో పట్టుకుని మరీ పెట్టించాను. పాముకి పాలు పోసినట్టని ఆ తర్వాత చాలా ఏళ్ళు అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదనీ అనను.

కంప్యూటర్లొచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, మా వారితో పోట్లాడి ఇంట్లోకి ఒక కంప్యూటరు తెప్పించుకున్నాను. మన ఈడు వాళ్ళకి జ్ఞాపకం ఉండే ఉంటుంది ఆ సంబరం. జిల్లాల నుంచి బస్సు దిగిన ప్రతి కుర్రాడికీ ఒక కోర్సు, ఒక బయోడేటా, ఒక అమెరికా కల. వాళ్ళ బయోడేటాలన్నీ టైపు చేసింది నేనే. పైన 'ఆబ్జెక్టివ్' అని ఒక వాక్యం ఉండేది, కంపెనీతో పాటు నేనూ ఎదుగుతాను అన్న అర్థంలో. అందరిదీ అదే వాక్యం, నేను రాసిందే. ఎంతమంది ఎదిగారో ఆ భగవంతుడికే తెలియాలి. టైపు నా ఇంట్లో, ప్రింటు మాత్రం ఫ్లాపీ పట్టుకుని పార్క్ లేన్ దాకా వెళ్ళి తీయించుకురావడం. ఎండలో అలా తిరగలేక ప్రింటరు కొందామనుకున్నాను. కాగితాల ఇంటి పిల్ల కదా, కాస్త తెలుస్తుందేమోనని తోడికోడల్ని కూడా తీసుకెళ్ళాను.

షాపువాడు ఒక చిన్న తెల్ల ప్రింటరు ముందుకు జరిపి, మీట నొక్కి, ఒక చిలక బొమ్మ తీశాడు. పచ్చటి రెక్కలు, ఎర్రటి ముక్కు, ఆ చిలక కాగితంలోంచి కొంచెం కొంచెంగా బయటికొస్తుంటే నేను రెప్ప వెయ్యలేదు. పైగా ధర కూడా తక్కువే. మా తోడికోడలు మాత్రం చిలకని చూడనేలేదు. "అన్నా, గీ సిరా డబ్బ అయిపోతే కొత్తది ఎంతకొస్తది? ఒక్కదాంట్ల ఎన్ని కాయితాలు దిగుతయ్?" అని మొదలుపెట్టింది. వాడు "అమ్మా, జెర మిషన్ చూడుండ్రి ముందు," అని నవ్వాడు. నాకు సిగ్గేసింది, చింతపండు బేరమాడినట్టు ఏమిటీ అడగడమని. నన్ను బయటికి లాక్కొచ్చి మరీ చెప్పింది. "అక్కా, మిషన్ సస్తా ఉన్నదని కొనకు. మా నాయన ఎప్పుడు చెప్తడు, మిషన్ ఒక్కసారే కొంటం, సిరా దినాం కొంటమని. నౌకరీకి పోయేటోళ్ళకు నల్లక్షరాలు చాలవా? చిలకలెందుకు?" అంది. ఇంటరు చదివినదాని చేత చెప్పించుకునే ఖర్మ నాకేమిటని ఆ చిలకల మిషనే కొన్నాను.

నెల్లాళ్ళు వైభోగంగా గడిచింది. పేరు నీలంలో, గీత ఎరుపులో వేసి ఇస్తుంటే కుర్రాళ్ళు మెట్ల మీద నిలబడేవాళ్ళు. ఆ తర్వాత సిరా తాగడం మొదలెట్టింది చూడండి అది, కొత్త అల్లుడు కాఫీ తాగినట్టు. కొత్త డబ్బా కొనబోతే దాదాపు మిషను ధరకి దగ్గరగా ఉంది. దాంతో సీసాలో సిరా తెచ్చి, సిరంజితో డబ్బాలోకి ఎక్కించడం నేర్చుకున్నాను. పండక్కి అందరి చేతులూ గోరింటాకుతో ఎర్రగా ఉంటే నావి నల్లగా, నీలంగా ఉండేవి. నాలుగు రోజులు వాడకపోతే, అందులోనూ ఎండాకాలం, దాని నోరు ఎండిపోయి చారలు చారలుగా కొట్టేది. అది ఎండకుండా ఉండాలని పని ఉన్నా లేకపోయినా ప్రతి మంగళవారం ఒక చిలకని తీసేదాన్ని. మా అత్తగారు ఆ చిలకల్ని పోపుడబ్బాల కింద పరిచేవారు.

అప్పుడే, బేగంపేటలో ఏదో ఆఫీసు ఖాళీ చేస్తూ పాత సామాను అమ్మేస్తుంటే, మా తోడికోడలు కూడా కింద ఒక కంప్యూటరు పెట్టుకుని, ఆటోలో దుప్పటి కప్పి ఒక లేజరు ప్రింటరు తెచ్చుకుంది. బియ్యం డబ్బా అంత ఉంది, దుమ్ము రంగు, మూతకి ఒక మూల విరిగింది. రంగులు రావు, చిలక రాదు. నేను ముక్కు మీద వేలేసుకున్నాను. వారం తిరిగేసరికి ఆ వేలు కొరుక్కున్నాను. కాగితాలు ఒకదాని వెనక ఒకటి అప్పడాల్లా వేడివేడిగా పడేవి. ఆవిడ గుమ్మం దాటితే గానీ నా మెట్లు రావు. ఇక నా దగ్గరికి ఎవడొస్తాడు?

ఎవరెంతమంది వస్తున్నారో చూడకూడదనే అనుకున్నాను. కానీ మా ఇంటి కరెంటు నన్ను బతకనివ్వలేదు. రెండు వాటాలకీ కలిపి ఒకటే పాత లైను, కింద ఆ బండ మిషను వేడెక్కినప్పుడల్లా పైన నా నెత్తిమీద లైటు ఒక్క క్షణం సొమ్మసిల్లి తేరుకునేది. కూర తరుగుతున్నా, జడ వేసుకుంటున్నా, అది ఒకసారి తగ్గిందంటే ఆవిడకి ఒక బేరం తగిలిందన్నమాట. నేను లెక్కపెట్టేదాన్ని. సిగ్గులేకుండా చెప్తున్నాను, వేళ్ళు మడిచి లెక్కపెట్టేదాన్ని. నేను పట్టుకుని నేర్పించిన ఆ వేళ్ళే కింద టకటకలాడుతుంటే పైన నా వేళ్ళు ఇలా మడతపడేవి. మా వారు "ఏటి, జపమా?" అని అడిగితే కస్సుమన్నాను. లేజరు కాగితం చుట్టుకుపోతుందని, ఆఫీసుల్లో తీసుకోరని వచ్చినవాళ్ళతో అబద్ధాలు కూడా చెప్పాను. మెట్ల మీదే చెప్పాను కాబట్టి ఆవిడ వినే ఉంటుంది. పన్నెత్తి ఒక్క మాట అనలేదు. దానికీ నాకు ఒళ్ళు మంటే.

ఇలా ఉండగా మా తమ్ముడు ఎం.సి.ఏ. అయ్యాక మా ఇంట్లోనే ఉంటూ ఉద్యోగం వెతుక్కునేవాడు. ఏడాది దాటింది, చెప్పులరిగాయి, ఊళ్ళో నాన్న ఇక వచ్చేయమంటున్నారు. బేగంపేటలో ఒక కంపెనీవాళ్ళు రమ్మన్నారు, ఇదొక్కటీ కాకపోతే రాత్రి రైలెక్కేస్తానన్నాడు. పేరు నీలంలో వేసి, బాండు పేపరు మీద వాడి బయోడేటా మూడు కాపీలు తీశాను. మూడో దానికి సిరా సరిగ్గా అయిపోయింది. పోనీలే, మూడు చాలుననుకున్నాను.

పొద్దున్నే వాడు స్నానానికి వెళ్ళాడు, నేను ఇస్త్రీ చేస్తున్నాను. మా అత్తగారు, పాపం ప్రేమ కొద్దీనే, పెళ్ళి శుభలేఖలకి పెట్టినట్టు మూడు కాపీలకీ నాలుగు మూలలా తడి పసుపు పెట్టేశారు. ఒక మూల వాడి పేరుంది, ఇంకో మూల ఫోను నంబరు. నేను వచ్చి చూసేసరికి నీలం, నలుపు, పసుపు కలిసి ఆకుపచ్చగా పారుతున్నాయి. మా తమ్ముడి పేరు సగం చిలక రెక్కలా ఉంది. "అయ్యో, ఇదేటత్తయ్యా!" అని అరిచాను. "నానేటి చేసేనే? పసుపెట్టకుండా కుర్రోణ్ణి గడప దాటిస్తావేటి? మా రోజుల్లో సిరా ఇలాగ పారేది కాదు," అని ఆవిడ ఏడుపు మొహం పెట్టారు.

సిరా లేదు. షాపులు తెరవడానికి ఇంకా రెండు గంటలుంది. పన్నెండు మెట్లు దిగితే లేజరు ఉంది. ఫ్లాపీ చేతిలో పట్టుకుని మెట్ల దాకా వెళ్ళాను, రెండు మెట్లు దిగాను, కింద ఆవిడ ఎవరితోనో నవ్వుతున్నట్టు వినిపించింది, వెనక్కి వచ్చేశాను. నవ్వింది నన్ను చూసి కాదు, నేనున్నానని కూడా తెలియదు. అయినా నా కాళ్ళు సాగలేదు. ఫ్లాపీ బల్ల మీద పడేసి, "ఇలాగే పట్టుకెళ్ళు, మొహం చూసి ఇస్తార్లే ఉద్యోగం," అన్నాను వాడితో. ఏడాది పొడుగునా నా చేతి తిండి తిన్న తమ్ముడితో అన్నాను ఆ మాట. వాడు బల్ల దగ్గర ఒక్క క్షణం వంగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు అవసరం లేకపోయినా తోమడం మొదలుపెట్టాను.

నెత్తిమీద లైటు తగ్గింది. తేరుకుంది. మళ్ళీ తగ్గింది. చెయ్యి సబ్బుతో ఉన్నా వేళ్ళు వాటంతటవే మడతపడ్డాయి. పరుగున వెళ్ళి చూస్తే బల్ల మీద ఫ్లాపీ లేదు. సంతోషించి ఉంటానని మీరనుకుంటున్నారేమో, నిజం చెప్పాలంటే ముందు ఒళ్ళు భగ్గుమంది, నా తమ్ముడు కూడా ఆ గుమ్మమే తొక్కాడా అని. ఆ తర్వాతే గోడకి ఆనుకుని కూర్చుండిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా అత్తగారు ఎప్పుడు దిగారో కిందికి దిగి, ఆ కొత్త కాగితాలకి కూడా తడి పసుపు పెట్టారట. ఒక్క అక్షరం చెదరలేదట. ఆవిడే పైకొచ్చి నాతో చెప్పారు, మేలు చేసినంత ఉత్సాహంగా.

ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో వాడు నాకూ మా తోడికోడలికీ చీరలు తెచ్చాడు. రెండూ ఒకే ధరట. కావచ్చు, కానీ ఆవిడది నెమలికంఠం రంగు, నాది బెల్లం రంగు. ఆ రోజు సంగతి గానీ, ఆ ఫ్లాపీ సంగతి గానీ మా తోడికోడలు ఏనాడూ నా దగ్గర ఎత్తలేదు. ఒక్కసారి దెప్పి ఉంటే తిరిగి నాలుగు అని, చెల్లు వేసుకుని, హాయిగా పడుకునేదాన్ని. ఆ అదృష్టం కూడా ఇవ్వలేదు నాకు.

సాయంత్రం ఆ పిల్లకి ఫోను చేసి చెప్పాను. మిషను ధర చూడకు, ఒకసారి నింపితే ఎన్ని పేజీలు వస్తాయో అడుగు. కోర్టు కాగితాలకి నలుపు చాలు, రంగుల జోలికి పోకు. తీసిన కాగితం మీద తడివేలు పెట్టి చూడు, అక్షరం కదిలితే ఆ షాపు మెట్లు దిగిపో. నా సొంత తెలివే అన్నట్టు గంభీరంగా చెప్పాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. "అమ్మ సుత అచ్చం గిట్లనే చెప్పింది పెద్దమ్మా! అన్నీ తెలిసి మళ్ళ నిన్నెందుకు అడగమన్నదో ఏమో."

ఎందుకడగమందో నాకు తెలుసు. మేమిద్దరం ఫోనులో మాట్లాడుకుని నాలుగు నెలలైంది. ఇల్లు బిల్డరుకిచ్చేశాక వాళ్ళు ఊరికి ఆ చివర, మేము ఈ చివర, మధ్యలో మెట్రో మారి ఆటో ఎక్కాలి. ఒకప్పుడు పన్నెండు మెట్లు దిగలేకపోయినదాన్ని, ఇప్పుడు అంత దూరం ఎలా వెళ్ళను? మా అపార్టుమెంటులో జనరేటరుంది, ఇన్వర్టరుంది, పక్కింట్లో ఏం జరిగినా లైటుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఇవాళ ఎవరి మీదైనా కుళ్ళుకోవాలన్నా ఫోను తెరిచి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఫోటోలు చూసి కుళ్ళుకోవాలి. అందులో రుచి లేదు.

ఎప్పుడైనా కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపల లైటు ఒక్క క్షణం తగ్గుతుంది చూడండి, అప్పుడు మాత్రం ఏ పనిలో ఉన్నా నా చిటికెన వేలు మడతపడుతుంది. రెండోసారి తగ్గుతుందేమోనని కాసేపు పైకి చూస్తూ ఉంటాను.