పెద్దవ్వకు దిగిన మందు

మొన్న మోకాళ్ల నొప్పికని డాక్టరు దగ్గరికి పోయాను. నా కళ్ల ముందే సూది వేయడం నేర్చుకున్న పిల్లవాడు ఇప్పుడు పెద్ద డాక్టరై కూర్చున్నాడు. గోలీలు రాసిచ్చి, "సిస్టర్, పరగడుపున మాత్రం వేసుకోకండి, కడుపు పుండవుతుంది" అని నాకే చెప్పాడు. బతుకంతా కరీంనగర్ దవాఖానల్లో నర్సుగా అరిగిపోయినదాన్ని, నాకు చెప్పొచ్చాడు! కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంటికొచ్చి గోలీల పట్టీ చేతిలో పట్టుకుని చూస్తుంటే మాత్రం రెండూ పోయాయి. మా పెద్దవ్వ గుర్తొచ్చింది.

పెద్దవ్వంటే మా అవ్వకు, అంటే మా అమ్మకు, స్వయానా అక్క. వాళ్ల ఊరు ఖానాపూర్ పక్కన. పొద్దున లేస్తే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ సాయంత్రం దాకా ఒకే తీరుగా మడతేసిన కాళ్లు. నడుమూ మోకాళ్లూ పట్టేసేవి. దానికి ఆమె వైద్యం కిరాణా దుకాణంలో దొరికే నొప్పి గోలీ. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, చాయ్‌తో. బువ్వకు లేస్తే చుట్టే చేయి ఆగిపోతుందని, చాయ్‌నే బువ్వ అనుకునేది. "గోలీ ఏస్కుంటే మిషిన్ లెక్క నడుస్త బిడ్డా" అని నాతోనే అనేది. కడుపులో మంట మొదలైతే గ్యాస్ అంది. మా దిక్కు గుండెమంటా గ్యాసే, మలబద్ధకమూ గ్యాసే, పిత్తాశయంలో రాయీ గ్యాసే. ఒకాయన గుండెపోటుతో వచ్చి కూడా గ్యాసేనని నాతో కొట్లాడాడు. అందుకే నేను కడుపు నొప్పంటూ ఎవరొచ్చినా ముందు దొడ్డికి ఏ రంగులో పోతున్నదని అడిగేదాన్ని. ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకునేవారు. ఒక రిటైర్డు పంతులుగారైతే "గోధుమ వర్ణమమ్మా" అని గ్రాంథికంలో సెలవిచ్చాడు.

ఆ ఏడు ఎండాకాలంలో పెద్దవ్వ కూతురు, నాకు అక్క, ఫోన్ చేసింది. గొంతులో సంబరం. "చెల్లె, అవ్వకు మంచిగైతున్నది. కడుపుల మందు వెట్టిండ్రట. పసరు తాగిపిచ్చినం. మందు దిగుతున్నది, దొడ్డికి నల్లగ పోతున్నది, తారు లెక్క."

మందంటే మా ఊళ్లలో దవాఖాన మందొక్కటే కాదు. గిట్టనివాళ్లు అన్నంలో కలిపి పెట్టే మందు ఇంకోటుందని నమ్ముతారు. అది కడుపులో పాతుకుని మనిషిని పీల్చేస్తుందట. దాన్ని తీసేవాళ్లు ఉంటారు. పసరు పోసి కక్కించి, ఇగో గిదే మందు అని ఏదో ముద్ద చూపిస్తారు. ఎంత నల్లగా వస్తే అంత మంచిదట!

"రక్తం గోలీలు ఏమన్న మింగుతున్నదా అక్కా?" అన్నాను. రక్తం పట్టడానికిచ్చే ఆ ఐరన్ గోలీలకూ నల్లగా పోతుంది. ఆ ఒక్క ఆశ మీద అడిగాను. "ఏం లేవు" అంది. "కండ్లు తిరుగుతున్నయా?" "నిలవడితె పడిపోతున్నది. గంత గట్టి మందు వెట్టింది గది." "ఎవలు?" "ఇంకెవలు? ఇంట్ల వండి వెట్టేదెవలు?"

వండి పెట్టేది మా మరదలు, అంటే పెద్దవ్వ కొడుకు పెళ్లాం. కొడుకు దుబాయిలో ఉన్నాడు. పిల్లది ఆసిఫాబాద్ నుంచి వచ్చింది. అడవి దిక్కోళ్లకు మందులు తెలుస్తాయని ఊరి అమ్మలక్కల తీర్మానం. ఆ పిల్ల తండ్రి బజార్లో బట్టలు కుట్టేవాడు, ఆయనకు తెలిసిన మందు తలనొప్పి బామ్ ఒక్కటే. కానీ వినేదెవరు? దుబాయి నుంచి తమ్ముడు కూడా ఫోన్లో "నువ్వు తల్లిగారింటికి పో" అనేశాడట. సంచి సర్ది పెట్టారు. పెద్దవ్వ తేరుకోగానే పెద్దమనుషుల్ని పిలిచి పిల్లను తోలేయడమే మిగిలింది.

"అక్కా, అది మందు గాదే, రక్తం! కడుపుల పుండు పగిలి రక్తం పోతున్నది. ఇప్పటికిప్పుడు బండి మాట్లాడి నిర్మల్ దవాఖానకు తీస్కపో. మల్ల పసరు పోస్తివా, నేనొచ్చి నీకు పోస్త!" అని అరిచాను. వార్డంతా నా వైపు చూసింది. నిర్మల్లో సెలైన్ పెట్టి మా దగ్గరికే పంపారు. బండి దిగేసరికి పెద్దవ్వ నాలుక తెల్లగా పాలిపోయి ఉంది, చేతులు చల్లబడ్డాయి. రక్తం ఎక్కించారు. నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూస్తే పుండు కనబడింది. డాక్టరు ఆ బొమ్మ అక్కకు చూపించి, నొప్పి గోలీలు పరగడుపున మింగితే ఇట్లాగే అవుతుందని విడమరిచి చెప్పాడు. అక్క తలూపింది. బయటికొచ్చాక, "అదీ నిజమే గావొచ్చు" అంది. ఆ 'అదీ' దగ్గర నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

నోటితో తాగొచ్చని డాక్టరు చెప్పిన రోజు మరదలు వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. గిన్నెలో పలుచటి జావ కాచి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. చెంచా నోటి దగ్గర పెడితే పెద్దవ్వ పెదాలు బిగించింది. గిన్నె వంక చూసింది, నా వంక చూసింది, నోరు మాత్రం తెరవలేదు. నాకు ఏడుపొచ్చింది. మరదలు ఆ చెంచా జావ తను తాగింది. ఇంకో చెంచా తీసి మళ్లీ పట్టింది. అప్పుడు పెద్దవ్వ తాగింది.

పెద్దవ్వ బతికింది. నొప్పి గోలీలు బందు పెట్టించాను, వేళకు బువ్వ తినిపించాను, పుండు మానింది. సంచి విప్పి బట్టలు మళ్లీ దండెం మీద వేశారు. తమ్ముడు దుబాయి నుంచి చీర పంపాడు. తప్పయిందని మాత్రం ఏ నోరూ అనలేదు. తరవాత పెద్దవ్వ చాలా ఏళ్లు ఆ పిల్ల చేతి బువ్వే తిని, ముసలితనంతో పోయింది.

నేను గోలీల పట్టీ పట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రమే మరదలు వచ్చింది, నా మోకాళ్ల సంగతి విని. జొన్నరొట్టె కాల్చి, పప్పు వండి, పళ్లెం నా ముందు పెట్టబోతూ అంచున ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "ఏందే, నా ఇంట్ల గూడనా?" అన్నాను. సిగ్గుపడి నవ్వింది. "అలవాటైంది వదినె. నా బిడ్డకు పెట్టినా గట్లనే జేస్త."

కడుపులో పుండు రెండు నెలల్లో మానుతుందని ఆనాడు డాక్టరు చెప్పాడు, అట్లాగే మానింది. అదొక్కటే పుండనుకుని నేను కూడా ఇన్నేళ్లు నిమ్మళంగా ఉన్నాను.