మిక్సీ వల్ల కాదు

మా వదిన ఏళ్ల తరబడి తనను తాను తిట్టుకుంది. తప్పు నాదని నేను చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నాందేడ్‌లో అన్నావదినల దగ్గర ఉండేవాణ్ణి. ఇంట్లోని పాత కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లైనక్స్ వేసి దాన్ని సర్వర్‌గా మార్చాలని నా ఉబలాటం. వదినవాళ్ల అమ్మ అప్పటికే చనిపోయింది, ఆమె గొంతు మాత్రం అందులో ఉండేది. బతికుండగా ఆమె తన ఊరు కిన్వట్ నుంచి వచ్చినప్పుడు మైకు ముందు కూర్చోబెట్టి రికార్డు చేశాం. "ఏందే, గీ డబ్బతోని మాట్లాడాల్నా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అని ఆమె నవ్వడం వదిన రోజూ వినేది.

డిస్కు మొత్తం చెరిపేయాలా అని లైనక్స్ అడిగింది. విండోస్ ఒక్కటే పోతుందనుకుని సరే అని నొక్కాను. కాసేపటికి వంటింట్లో వదిన మిక్సీ పెట్టగానే ఫ్యూజు కొట్టేసింది. కరెంటు వచ్చాక ఎంత వెతికినా ఆ గొంతు దొరకలేదు. నేను చేసిందేమిటో అప్పుడు అర్థమైంది.

"నేను మిక్సీ పెట్టినందుకేనా గిట్లయింది?" అని వదిన అడిగింది.

"కావచ్చు" అన్నాను.

ఆ తర్వాత వదిన ఆ కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. మొన్న తన కూతురితో, "మా అమ్మ గొంతును నా చేతులతోనే పోగొట్టుకున్న బిడ్డా" అంటుంటే విన్నాను. ఇక ఉండలేక జరిగింది చెప్పేశాను.

 వదిన ఆశగా అడిగింది. "అయితే గిప్పుడన్న దొరుకుతదా?"

"దొరకది వదినా. నేనే తుడిపేసిన. మాఫ్ చెయ్."