‘నట్టు’ లేకుండా చెప్పిన కల

దయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే, "అడ్రసు చెప్పండి, వెళ్లి చూసొద్దాం" అని ఏడిపించే రకం నేను. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. బల్లి మీద పడితే దులుపుకుని క్లాసుకు పోవడమే తప్ప తలస్నానం చేసి ఎరగను. ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినీ నమ్మమని కాదు. లోపల పెట్టుకుని తిరగడం నా వల్ల కావడం లేదు.

అక్కా నేనూ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాం. పెళ్లిళ్లయ్యాక అక్క బొల్లారంలో, నేను ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడ్డాం. అమ్మకు సీరియస్‌గా ఉందని అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఇంటర్ పేపర్ల వాల్యుయేషన్ డ్యూటీలో ఉన్నాను. రెండు రోజులు ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే అంతా అయిపోయింది. "అవసరమున్నప్పుడు నువ్వెన్నడొచ్చినవ్?" అంది అక్క, పదిమంది ముందు. నాకు రోషం పొడుచుకొచ్చింది. రెండేళ్లు మా మధ్య మాటల్లేవు.

ఆ రెండో ఏడే ఒకే కల మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. తడి నేల. దాని మీద పడి ఉన్న ఒక ఆడమనిషి. ముఖం కనబడదు. గుండెదడతో లేచి కూర్చునేదాన్ని. మా ఆయన పోరు పడలేక మా కాలనీలోనే, కళ్లద్దాల షాపు పైన ఉన్న కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. అరవై దాటినావిడ. తెల్ల జుట్టు మగపిల్లాడిలా పొట్టిగా కత్తిరించుకుని ఉండేది. నేను అక్కడికి వెళ్తున్న సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

నాలుగో వారం, గురువారం సాయంత్రం నాలుగింటికి కూర్చున్నాం. "ఎవరో పడిపోయినట్టు, నేను చూస్తున్నట్టు..." అని మొదలుపెట్టాను. ఆవిడ ఆపింది.

"ఆ ‘నట్టు’ తీసేసి చెప్పండి. కళ్లు మూసుకోండి. ఇప్పుడే జరుగుతోంది."

కల చెప్పేటప్పుడు మనకు ‘నట్టు’ లేకుండా మాట రాదు. తీసేయబోతే నాలుక తడబడింది. అయినా చెప్పాను. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నల్లా కారుతోంది. ఎర్ర మగ్గు దొర్లుతోంది. ఆ మనిషి ముఖం మొదటిసారి ఇటు తిరిగింది. "అక్క," అన్నాను. "లేవలేకపోతోంది."

"ఇంకేం కనబడుతోంది?" అని ఆవిడ అడుగుతూ పోయింది, నేను చెబుతూ పోయాను.

కళ్లు తెరిచాక, కలలో పడి ఉన్న మనిషి మనలోని ఒక భాగమే కావచ్చని ఆవిడ మెల్లగా చెప్పింది. లేవలేకపోతున్నది నిజంగా ఎవరో ఆలోచించమంది. బాగా ఏడ్చాను. నాకు కోపం అక్క మీద కాదు, అమ్మ దగ్గరికి వెళ్లని నా మీదే. ఆ మాట మొదటిసారి పైకి ఒప్పుకున్నాను. మనసు తేలికపడింది. ఆదివారం తీరిగ్గా అక్కకు ఫోన్ చేద్దామనుకున్నాను. కిందికి దిగితే చాలా రోజుల తర్వాత ఆకలేసింది. బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీలు తిన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఏడింటికి బావ ఫోన్ చేశాడు. అక్క నాలుగు గంటలప్పుడు బాత్రూంలో జారి పడిందట. ఆయన డ్యూటీ నుంచి ఆరింటికి వచ్చి, లోపలి గడియ విరగ్గొట్టి అక్కను బయటికి తీశాడు. తుంటి ఎముక విరిగింది. రెండు గంటలు ఆ తడి నేల మీదే ఉంది.

ఆపరేషన్ అయిన మర్నాడు మంచం పక్కన కూర్చున్నాను. అక్క నా వైపు తిరిగింది.

"మొన్న వచ్చినవ్ గద," అంది. "బాత్రూం గుమ్మంకాడ నిలవడ్డవ్. కండ్లు మూసుకొని, నల్లా కారుతుంది, అక్క లేస్తలేదు అని చెప్పుకుంట పోయినవ్. నీ ఎనక ఒకామె ఉండె. తెల్ల ఎంట్రుకలు, మొగపోరగాని లెక్క కత్తిరించుకుంది. ఇంకేం కనవడుతుందని నిన్ను అడుగుతనే ఉంది. నేను నిన్ను పిలుస్తనే ఉన్న. ఆమెతోని ముచ్చట ఆపి జెర చెయ్యిస్తే ఏమైతుండె?"

"నేను రాలేదక్కా. లోపల గడియ పెట్టి ఉండె గద," అన్నాను.

"మళ్ల రాలేదనే అంటవా," అని గోడ వైపు తిరిగింది.

కౌన్సెలర్‌కు చెబితే, నొప్పిలో మనసు ఏవేవో చూపిస్తుందని మొదలుపెట్టి, తన జుట్టు మీద చేయి పెట్టుకుని ఆగిపోయింది. ఆ రోజు నోట్సు తీసి చూపించింది. ఎర్ర మగ్గు అని రాసే ఉంది. రెండేళ్లుగా నేను అక్క ఇంట్లో అడుగుపెట్టలేదు. బావను అడిగితే, పాతది పగిలిపోయి కిందటి నెలే ఎర్రది కొన్నారట.

ఆ తర్వాత ఆ కల నాకు రాలేదు. ఇదంతా ఎలా జరిగిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు. మీకు తెలిస్తే చెప్పండి, వాదించను.

ఇప్పుడు వారం వారం బొల్లారం వెళ్తున్నాను. అక్క బాగానే మాట్లాడుతుంది, అన్నం పెట్టిస్తుంది, నవ్విస్తే నవ్వుతుంది. కుర్చీలోంచి లేవాల్సి వచ్చినప్పుడు మాత్రం బావను పిలుస్తుంది. ఆయన వచ్చేదాకా, పక్కనే నేను చాచిన చేతిని చూస్తూ కూర్చుంటుంది.